ఉభయభాషా నటి సావిత్రి: ఒక పరిశీలనము

తెలుగువారు ‘మహానటి’ యనియు, తమిళులు ‘నడిగైయర్ తిలగం’ అనియు సంభావించిన సావిత్రినిగూర్చి వెలువడిన రచనలు కొల్లలుగ కలవు. అందు అధికభాగము ఆమె జీవితకథకే వినియోగమైనది. బాల్యమున పితృవియోగము, వివాహము, దానగుణము, సంపద కరగిపోవుట, తుది అస్వస్థత — వీనిని ఎరుగని తెలుగువారు అరుదు. ఆమె నటనము ఎట్టిది, అది ఇతరుల నటనమునుండి ఏయే అంశములందు భిన్నము అను ప్రశ్నకు మాత్రము ‘సహజము’, ‘అద్భుతము’ అను మాటలకు మించిన సమాధానము తరచుగ లభింపదు. ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే పరిశీలింప దలచితిమి. అందులకు మేము స్వీకరించిన సాధనము ఆమె ఒకే పాత్రను తెలుగునందును తమిళమునందును ధరించిన చిత్రముల తులనము.

ఈ పరిశీలనమునకు దారితీసిన సందర్భమును ముందుగ నివేదింతుము. మేము హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బి.నగర్‌కును నడుమనున్న ఒక వీథియందు నివసించుచున్నాము. విజయవాడ రహదారి నగరమున ప్రవేశించు తావిది. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి చదువులకై వచ్చిన పిల్లలతో ఇచ్చటి వసతిగృహములు నిండియుండును. వారి వెనుక వచ్చి స్థిరపడిన పెద్దలును పెక్కురు. 2018 మే మాసమున ‘మహానటి’ చిత్రము విడుదలయినపుడు ఈ వీథులందు కొన్ని వారములు సావిత్రి ప్రసంగము తప్ప వేరొకటి వినిపింపలేదు. మా భవనమున పైయంతస్తున నల్లగొండ జిల్లావారగు ఒక విశ్రాంత ఉపాధ్యాయులును, క్రిందియంతస్తున కుమారునితో నివసించు ఒక తమిళ వృద్ధురాలును కలరు. ఉపాధ్యాయులవారు ‘రక్తసంబంధం’ ప్రస్తావింపగ, ఆమె ‘పాశమలర్’ పేరు చెప్పినది. ఒక్కొక్కరు తాము చూచినదే అసలు చిత్రమనియు, రెండవది దాని నీడ యనియు వాదించిరి. సావిత్రి తమదే యని ఇరువురును పట్టుపట్టిరి.

ఆ వాదమును తీర్చు కోరికతో మేము ఆ రెండు చిత్రములను, వరుసగ రెండు ఆదివారములందు, మా యింట కొందరు విద్యార్థులతో కలిసి చూచితిమి. అంతకుముందు తరగతిలో ఒక మాట చెప్పియుంటిమి. 1960 ప్రాంతపు చిత్రములందు సావిత్రి కన్నీటిలో అంత బలముండుటకు ఆమె సంసారమున అనుభవించిన వేదనయే కారణమని మా వాక్యము. రెండవ చిత్రము ముగిసిన పిమ్మట ఎల్.బి.నగర్ వసతిగృహమునుండి వచ్చిన ఒక విద్యార్థి యిట్లడిగెను: “సార్, రెండిట్ల ఏడ్చింది ఒక్క సావిత్రే కద. బాధ ఒక్కటే అయితే ఏడుపు రెండు తీర్ల ఎందుకున్నది?” మేము ఆనాడు సమాధానము చెప్పలేకపోతిమి. తరగతిలో మేము చెప్పిన వాక్యము నిలువదని మాత్రము గ్రహించితిమి. ఈ వ్యాసము ఆ విద్యార్థికి మేము బాకీపడిన సమాధానము.

మన ఆలంకారికులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. రసము ముఖ్యముగ అనుకార్యులైన రామాదులందును, గౌణముగ నటునందును ఉండునని భట్టలోల్లటుని మతము. చిత్రమందలి గుఱ్ఱమును చూచి గుఱ్ఱమని గ్రహించినట్లు నటునియందు రామాదులను సహృదయుడు అనుమానించునని శ్రీశంకుకుడు పలికెను. ఆస్వాదము సహృదయునిదే యని అభినవగుప్తుడు సిద్ధాంతీకరించెను. నటుని సొంత కష్టసుఖములే రసమునకు మూలమని ఈ మువ్వురిలో ఎవ్వరును చెప్పలేదు. సాత్త్వికాభినయమునకు మూలమైన సత్త్వము మనస్సు ఏకాగ్రమగుటవలన పుట్టునని భరతమతము. ఆ ఏకాగ్రత దేనిమీద నిలుచునో తెలిసికొనినచో నటుని నటనము తెలియును. సావిత్రి ఏకాగ్రత తన దుఃఖముమీద నిలిచినదా, వేరొకదానిమీద నిలిచినదా యనుటయే ఇచ్చట విచార్యము.

తులనమునకు ముందు ఆమె నటజీవితమును సంగ్రహముగ స్మరించుట అవసరము. సావిత్రి గుంటూరు జిల్లా చిఱ్ఱావూరున జన్మించెను. పెదతండ్రి కొమ్మారెడ్డి వేంకటరామయ్య పోషణమున విజయవాడలో నృత్యమును, నాటకమును అభ్యసించెను. మద్రాసు చేరిన తొలినాళ్లలో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వమున నిర్మితమైన ‘సంసారం’ (1950) చిత్రమున నాయిక వేషము చేజాఱి, చిన్న వేషము మాత్రము మిగిలినది. ‘పాతాళభైరవి’ (1951)లో ఒక నృత్యసన్నివేశమున కనిపించినది. ‘పెళ్లిచేసి చూడు’ (1952)తో గుర్తింపు వచ్చినది. మఱుసటి యేడు ‘దేవదాసు’లోని పార్వతి ఆమెను అగ్రశ్రేణి నటిగ నిలిపినది. ఈ చివరి రెండు చిత్రములును తమిళమున కూడ నిర్మితములైనవి. నాడు తెలుగు తమిళ చిత్రములు రెండును మద్రాసు స్టూడియోలలోనే తయారగుచుండెడివి. ఒకే కథను, ఒకే సెట్టున, ఇరుభాషల నటవర్గములతో వేర్వేఱుగ చిత్రించుట విజయా సంస్థవంటివారికి పరిపాటి. కావున సావిత్రిని తమిళమునకు ‘వెళ్లిన’ తెలుగు నటి యనుట సరికాదు. ఆమె తొలినుండి రెండు భాషల నడుమ ఎదిగిన నటి.

ఇక ‘పాశమలర్’ 1961 మే మాసమునను, ‘రక్తసంబంధం’ 1962 నవంబరునను విడుదలయినవి. నడుమ కాలము పదునేడు నెలలు. మొదటిదానికి ఎ. భీంసింగ్ దర్శకుడు, ఆరూర్ దాస్ సంభాషణలు వ్రాసెను. రెండవదానికి వి. మధుసూదనరావు దర్శకుడు, ముళ్లపూడి వేంకటరమణ సంభాషణలు వ్రాసెను. అన్న పాత్రను తమిళమున శివాజీ గణేశన్, తెలుగున ఎన్.టి. రామారావు ధరించిరి. చెల్లెలు రాధ రెండింటను సావిత్రియే. కథ ఒక్కటే. తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెండ్రు ఒకరికొకరై పెరుగుదురు. చెల్లెలి వివాహానంతరము మెట్టినింటి కలహముల మూలమున వారికి ఎడబాటు కలుగును. తుదకు అన్న చూపు కోల్పోయి చెల్లెలి చెంతకు చేరును. ఇరువురును కలిసియే తనువు చాలింతురు.

శివాజీ బాల్యమునుండి నాటకసమాజములందు పెరిగిన నటుడు. భావమును స్వరమునందును, శరీరమునందును నిండుగ నింపి ప్రేక్షకుని ముందుంచుట ఆయన పద్ధతి. దుఃఖము వచ్చినచో అది ఆయనయందు గట్టుతెగిన చెరువు. అట్టి నటునికి ఎదుట నిలిచినవారు తామును అంతయెత్తున పలికినచో సన్నివేశము కోలాహలమగును. సావిత్రి అందులకు పూనుకొనలేదు. ‘పాశమలర్’లోని రాధ పెక్కుతావుల వినుచుండును. అన్న మాట ముగియువఱకు ముఖమును నిశ్చలముగ నుంచి, ఆ మాట ముగిసిన పిదప దాని ఫలితమును కన్నులయందు చూపును. కన్నీరు ఆలస్యముగ వచ్చును. అన్న దుఃఖమునకు ఆ కన్నీరు బదులు.

‘రక్తసంబంధం’లో స్థితి వేఱు. రామారావు ఈ పాత్రను గంభీరముగ, మితముగ నిర్వహించెను. దుఃఖమును లోన అణచుకొను అన్న ఆయన. ముళ్లపూడి సంభాషణలును ఇంటిమాటలకు దగ్గఱగ, పొట్టిగ నడచినవి. ఇట్టి అన్నయెదుట రాధ వినుచు నిలిచినచో ప్రేక్షకునికి ఆ ఇరువురి బాధ తెలియు దారి లేదు. కావున తెలుగున సావిత్రి ముందడుగు వేసినది. అన్న ముఖమున ఏమియు కనబడకమునుపే ఆమె ముఖమున కలత మొదలగును. ఆయన చెప్పనిదానిని ఆమె కనిపెట్టుచున్నట్లు, చెప్పుమని అడుగుచున్నట్లు ఆ చూపు సాగును. తమిళమున బదులైన కన్నీరు తెలుగున ప్రశ్నయైనది. తెలుగున నాయికానాయకులుగ అనేక చిత్రములందు చూచిన జంటను ప్రేక్షకులు అన్నాచెల్లెండ్రుగ అంగీకరించుటకు ఈ నేర్పు ఎంతయో తోడ్పడినదని మా అభిప్రాయము.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాగలదు. రెండు చిత్రములకు దర్శకులు వేఱు, సంభాషణలు వేఱు, చిత్రీకరణము వేఱు. కావున ఆ భేదము దర్శకులదే కాని నటిది కాదనవచ్చును. ఆక్షేపణము సమంజసమే. దీనికి సమాధానము ఈ రెండు చిత్రములలో లభింపదు. ఒకే దర్శకుడు ఒకే కాలమున రెండు భాషలందు నిర్మించిన చిత్రములలో వెదుకవలెను. అట్టివి మూడు మనకు ముఖ్యములు: ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957).

‘దేవదాసు’ను వేదాంతం రాఘవయ్య రెండు భాషలందును నిర్దేశించెను. రెండింటను దేవదాసు అక్కినేని నాగేశ్వరరావే. ఎదుటి నటుడు మారలేదు. పార్వతియు రెండు చిత్రములందు దాదాపు ఒక్కతీరుగనే కనిపించును. భాష మారినంతమాత్రమున సావిత్రి నటనము మారలేదని దీనివలన తెలియుచున్నది.

‘మిస్సమ్మ’కు ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. రవీంద్రనాథ మైత్ర వంగభాషలో రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ నాటకము దీనికి మూలము. నాయికగ మొదట నిర్ణయింపబడినవారు భానుమతి. పిమ్మట ఆ వేషము సావిత్రికి వచ్చినది. జమీందారుగ ఎస్.వి. రంగారావు, ఆయన కుమార్తెగ జమున రెండు భాషలందును కలరు. నాయకుడు మాత్రము తెలుగున రామారావు, తమిళమున జెమినీ గణేశన్. పరిశీలకునికి ఇంతకంటె అనుకూలమగు స్థితి దొరకదు. జమీందారుతో మేరీ మాటలాడు సన్నివేశములు రెండు భాషలందును ఇంచుమించు సమానములు. నాయకునితో కలహించు సన్నివేశములు సమానములు కావు. రామారావు నాయకుడు ఓర్పు గలవాడు. ఆమె కోపమును చూచి లోలోన నవ్వుకొనును. అందుచే తెలుగు మేరీ కోపము గోడకు తగిలిన బంతివలె ఆమెమీదికే తిరిగివచ్చి మఱింత హెచ్చును. జెమినీ నాయకుడు సరసుడు. ఆ కోపమును మెల్లగ తప్పించుకొనును. తమిళ మేరీ కోపము అందుచేత త్వరగ చల్లారి, చల్లారినందులకు ఆమె తనమీద తానే విసుగుకొనును. దర్శకుడొక్కడు, కథ యొక్కటి, సెట్టు ఒక్కటి. మారినది ఎదుటివాడు.

‘మాయాబజార్’ ఈ శక్తి ఎంతదూరము పోగలదో చూపినది. కె.వి. రెడ్డి దర్శకత్వమున తెలుగు చిత్రము 1957 మార్చిలోను, తమిళ చిత్రము ఏప్రిలులోను వెలువడినవి. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించి పెండ్లియింట ప్రవేశించు ఘట్టమున సావిత్రి పోషింపవలసినది శశిరేఖను కాదు. శశిరేఖవలె నటించుచున్న రాక్షసుని. ఆ రాక్షసుడు చిత్రమందంతటను రంగారావు శరీరముతో నడచినవాడు. ఆ క్షణమున రంగారావు ఎదుట లేడు. అయినను ఆయన నడక, భుజముల విఱుపు, బొమ్మల యెత్తు ఆమె సుకుమార శరీరమున తొంగిచూచును. ఎవరేని చూచుచున్నారని స్ఫురించినంతనే ఆడపిల్ల సిగ్గు తిరిగివచ్చును. కూచిపూడి భాగవతులలో పురుషుడు సత్యభామయగుటను మనవారు తరతరములుగ మెచ్చిరి. ఇచ్చట స్త్రీ పురుషుడై, ఆ పురుషుడు మరల స్త్రీ యగుచున్నాడు. పరిహాసమునకు గురియగు వరుడు తెలుగున రేలంగి, తమిళమున తంగవేలు. ఇరువురి హాస్యపు వేగము వేఱు. ఆ వేగమునకు తగినట్లు ఆమె చేష్టల నడుమ విరామములును మారినవి.

ఈ నిదర్శనములవలన మేము చేరిన నిర్ణయమిది. సావిత్రి ఏకాగ్రత తన అంతరంగముమీద కాక ఎదుటి నటునిమీద నిలిచినది. ఆమె నటనమునకు ప్రాణము వినుట. ఎదుటివారు నిండుగ పలికిన చోట ఆమె తగ్గెను. వారు తగ్గిన చోట నింపెను. వారు లేని చోట వారి జ్ఞాపకమును తన శరీరమున నిలిపెను. 1964లో శివాజీతో తమిళమునను, 1966లో అక్కినేనితో తెలుగునను ఆమె ‘నవరాత్రి’ చేసినది. తొమ్మిది విభిన్నపాత్రలను ధరించు నటునియెదుట ఒక్క పాత్రగ నిలుచుట నాయిక పని. తొమ్మండుగురను వినగలిగిన నటికే అది సాధ్యము. ఏడుపు రెండు తీర్లుగ నుండుటకు కారణము బాధ రెండగుట కాదు, ఎదుటివారు ఇద్దరగుట.

అట్లయిన జీవితమునకు విమర్శలో తావే లేదా? కలదు. అయితే అది కన్నీటియందు కాదు, కార్యమునందు. ఆమెకు జెమినీ గణేశన్‌తో వివాహము జరిగినది 1952లో. మనలను నవ్వించిన మేరియు, మాయాశశిరేఖయు ఆ పిమ్మటివారే. సంసారపు ఒడిదుడుకులు నటనమున నేరుగ ప్రతిఫలించునను వాదము ఈ కాలక్రమముముందు తేలిపోవును. ఆమె జీవితము ఆమె కళను మార్చినది దర్శకత్వము చేపట్టిన దశలో. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమును ఆమె నిర్దేశించెను. సాంకేతిక శాఖలందు స్త్రీలకు ప్రాధాన్యమిచ్చి నిర్మించిన ఆ చిత్రమునకు పి. లీల సంగీతము కూర్చెను. దానినే మఱుసటి యేడు తమిళమున ‘కుళందై ఉళ్ళం’గ రూపొందించెను. తెలుగున ‘మాతృదేవత’ (1969) వచ్చినది. తుదకు తెలుగు ‘మూగమనసులు’ (1964)ను తమిళమున ‘ప్రాప్తం’ (1971)గ తానే నిర్మించి, నిర్దేశించి, తానే నాయికగ నటించెను.

‘మూగమనసులు’కు ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు, పడవవాడు గోపి అక్కినేని. అందలి రాధ, గోపి చెప్పలేని ప్రేమను వినుచునే జీవించిన స్త్రీ. ఏడేండ్ల తరువాత ‘ప్రాప్తం’లో ఎదుట శివాజీ కలడు. పూర్వమువలె ఆమె ఆయనను వినవలసినదే. కాని ఈ మాఱు ఆమె కెమెరా వెనుక కూడ నిలువవలసి వచ్చినది; నిర్మాణభారమును మోయవలసి వచ్చినది. ఎదుటివారిమీద నిలువవలసిన ఏకాగ్రత పలుదిక్కుల పంచబడినది. అందు ఆమె ముఖము అందముగ, పరిణతముగ నున్నను, ఎదుటి మాటకు ముందే బదులు సిద్ధముగ నున్నట్లు తోచును. చిత్రము ఆర్థికముగ నష్టము తెచ్చినది. వినువారే తక్కినవారందఱకు చెప్పవలసినవారగుట ఆమె కళకు తగిలిన దెబ్బ. ఆమె కష్టములను చెప్పదలచినవారు ఈ విషయమును చెప్పినచో అది విమర్శయగును. తక్కినది పరామర్శ. 1981 డిసెంబరు 26న, పందొమ్మిది నెలల అస్పృహానంతరము, ఆమె మద్రాసున కన్నుమూసినది.

‘మహానటి’ చిత్రము క్రొత్త తరమునకు ఆమె పేరు నేర్పినది. అందులకు మనము కృతజ్ఞులము. దానిలో సావిత్రిగ నటించిన కీర్తి సురేశ్ తెలుగు ఆమె కాకపోయినను, జాతీయ ఉత్తమనటి పురస్కారమును పొందెను. ఒక భాషలోని నటి వేఱొక భాషలో సొంతమనిషి కాగలదని సావిత్రి నిరూపించినది. ఆమె పాత్రయే దానిని మఱల నిరూపించినది. అయితే ఆ చిత్రము చూచి ‘ఆమె ఎంత బాధపడినది’ అని కంటతడిపెట్టిన మా విద్యార్థులు పెక్కురు ‘మిస్సమ్మ’ను పూర్తిగ చూచినవారు కారు, ‘పాశమలర్’ పేరే వినలేదు. ఒక కవి కావ్యములను విడిచి ఆయన అప్పులను మాత్రము చదివిన పాఠకుని మనము ఏమందుమో ఆలోచింపవలెను. మా తరగతివాక్యముతో మేమును ఆ తప్పునే నేర్పితిమి. దానిని ఈ పుటలందు ఉపసంహరించుకొనుచున్నాము.

తెలుగు చిత్రనిర్మాణము క్రమముగ మద్రాసును విడిచి హైదరాబాదు చేరినది. రాష్ట్రములు 1953లోను, 1956లోను, 2014లోను రూపు మార్చుకొన్నవి. ఒకే సెట్టున రెండు భాషలు పలికిన ఆ కాలమును నేటివారు ఊహించుట కష్టము. కావున తెలుగు శాఖలందు సినిమాను పాఠ్యముగ స్వీకరించువారు ఉభయభాషా చిత్రముల తమిళప్రతిని కూడ తెలుగుప్రతితోపాటు చూపవలెనని మా విన్నపము. ప్రబంధమును మూలముతో పోల్చి చదువు శిక్షణము మనకు కలదు. ఆ శిక్షణమే ఇచ్చటను చాలును. తమిళము రానివారు సైతము ముఖమును చదువగలరు.

మా భవనమందలి పెద్దల వాదము ఇంకను తీరలేదు. కాని ఆ తమిళ వృద్ధురాలు మొన్న మా యింట ‘రక్తసంబంధం’ తుదివఱకు చూచినది. మాటలు సగము తెలియలేదనియు, ఈ రాధ తమ రాధ కాదనియు ఆమె అన్నది. కన్నులు తుడుచుకొని, ఉపాధ్యాయులవారిని వచ్చే ఆదివారము ‘పాశమలర్’ చూచుటకు తమ యింటికి రమ్మని పిలిచినది. ఆయన పోయి చూచెను. తమ రాధ అంత ఓపికగ వినునని తాము ఎరుగమని ఆయన మాతో పలికెను.